నూకాలమ్మ టీ, నా నీళ్ల సీసా

2023 వేసవి. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కనున్న ఒక లారీల యార్డులో, భూమిలో పాతిన డీజిల్ ట్యాంకుకు చిల్లు పడింది. ట్యాంకు ఖాళీ చేసేశారు. మట్టిలోకి ఇంకిన డీజిల్ ఎటు పాకిందో తేల్చి, దాన్ని తీసే దారి రాయమని మా కంపెనీని పిలిచారు. నేను ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ని. "ఇంతకీ సీపురేదీ బావా?" అని మా బావ వేళాకోళం. నిజానికి నా పని శుభ్రం చేయడం కాదు, శుభ్రం చేసే ప్లాను శుభ్రంగా రాయడం.

యార్డు గోడ వెనక పల్లంలో మొదటి ఇల్లు నూకాలమ్మది. ఇంటి ముందు ఆమె టిఫిన్ బడ్డీ, పెరట్లో బావి. నీళ్లకు వాసన లేదు, పైన తెట్టూ లేదు. అయినా డీజిల్ కలిసిన భూగర్భజలం, మేం ప్లూమ్ అంటాం, అటే వస్తోందని నా అనుమానం.

"రిపోర్టు వచ్చేదాకా ఎవరికీ ఏమీ చెప్పకండి" అన్నాడు యార్డు మేనేజరు. ఆధారం లేకుండా జనాన్ని బెదరగొట్టడం ఎందుకులే అని నేనూ తలూపాను. ట్యాంకు లీకైంది గానీ, మనం లీకవకూడదన్నమాట.

"మామూలు టెస్టేనమ్మా" అని బావిలోంచి శాంపిల్ తీశాను. నూకాలమ్మ గ్లాసుతో టీ తెచ్చింది.

"వద్దమ్మా, ఇప్పుడే తాగాను."

శాంపిల్ తీసే చోట ఏదీ నోట పెట్టకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం. ఎండకు గొంతెండింది. ఆ నియమం మరిచి, అలవాటుగా సంచిలోంచి నా సీసా తీసి గటగటా తాగేశాను.

ఆమె సీసా వంక చూసింది, గ్లాసు వంక చూసింది.

"ఇప్పుడే తాగేనన్నావు. మరింత దాహమేటి బాబూ? మా నీలు బాగోవా?"

"రిపోర్టు రావాలమ్మా..."

"అదొచ్చీదాకా నువ్వు తాగవు, మేం తాగొచ్చేటి? పొద్దుట్నుంచి ఈ నీలతోనే ఇడ్డెన్లెట్టి అమ్మతన్నాను. నా మనవరాలూ ఇయ్యే తాగతంది. ఒక్క ముక్క సెప్పడానికి నీకు నోరు రానేదా?"

రాలేదు. నీళ్లు తాగడానికి మాత్రం వచ్చింది.

ఆమె టీ కాలవలో పారబోసి, ఇడ్లీ గిన్నె పొయ్యి మీంచి దించేసింది. బడ్డీ దగ్గరున్న ఆటో కుర్రాడు, "ఏటత్తా, పిండయిపోనాదేటి?" అన్నాడు.

"పిండుంది నాయినా. నీలే నేవు. ఎల్లు."

అక్కడి నుంచే మేనేజరుకు ఫోన్ చేసి, వీధికి నీళ్ల ట్యాంకరు పంపమన్నాను.

"రిపోర్టు లేకుండా పంపితే తప్పు ఒప్పుకున్నట్టు కాదటండీ?"

"నేను సీసా మూత తీసినప్పుడే ఒప్పేసుకున్నాం సార్."

సాయంత్రానికి ట్యాంకరు వచ్చింది. తర్వాత రిపోర్టూ వచ్చింది: బావిలో డీజిల్ ఆనవాళ్లు ఉన్నాయి. ఆఫీసులో నా ప్లాను తిరగేశాను. డీజిల్ తోడే పంపులు, మట్టి తవ్వకం, పరీక్ష బోర్లు, అన్నీ ముందు పేజీల్లోనే ఉన్నాయి. మనుషులకు మంచినీళ్లు ఆఖరి పేజీలో, 'తాత్కాలిక చర్యలు' అన్న శీర్షిక కింద ఉన్నాయి. వాటిని తెచ్చి మొదటి పేజీలో పెట్టాను.

పనులు మొదలయ్యాక నూకాలమ్మ మళ్లీ పిలిచింది. "ట్యాంకరు నీలే. తాగు." గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగానే నిలబడింది. అంత తీయటి టీ మింగడం అంత కష్టమని నాకు అప్పటిదాకా తెలీదు.

ఇప్పుడు ఏ వీధికి వెళ్లినా సంచి తెరవకముందే గడప దగ్గర నిలబడి ఒక మాట చెబుతాను: "రిపోర్టు వచ్చేదాకా నేను తాగని నీళ్లు మీరూ తాగకండి." శాంపిల్ ఆ తర్వాతే.