గడ్డ కనబడితే ఆగని చెయ్యి

1982లో వరంగల్‌లోని విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలో లెక్చరర్‌గా చేరిన కొద్ది నెలలకే నాకు కణాలు పెంచే గది బాధ్యత అప్పగించారు. పేరుకు గది, అంతకుముందు అది ఫార్మలిన్ సీసాలు దాచే కొట్టుగది. కార్బన్ డయాక్సైడ్ అందించే ఇంక్యుబేటర్ కొనే స్తోమత మా విభాగానికి లేదు. మూత గట్టిగా పడే గాజు జాడీలో కణాల పళ్లేలు పెట్టి, పక్కన కొవ్వొత్తి వెలిగించి మూసేవాళ్లం. కొవ్వొత్తి దానంతట అది ఆరిపోయేసరికి కావలసినంత వాయువు జాడీలో చేరేది. ఆ జాడీని మామూలు వెచ్చటి పెట్టెలో ఉంచేవాళ్లం. నవ్వొచ్చే ఏర్పాటే గానీ కణాలు బతికేవి.

ఆ గదిలో పరిశోధన చేస్తున్నది రూతక్క. మిషన్ దవాఖానలో రక్తపరీక్షల టెక్నీషియన్‌గా చాలా ఏళ్లు చేసి, ప్రైవేటుగా ఎమ్మెస్సీ కట్టి పాసై, జీతం లేని సెలవు మీద పీహెచ్‌డీకి వచ్చింది. వయసులో పెద్దది కనుక నేను అక్కా అనేవాణ్ణి. హోదా చూసి ఆమె నన్ను సార్ అనేది.

బోదకాలు పురుగును పట్టిచ్చే యాంటీబాడీ తయారు చేయడం ఆమె పని. ఆ పురుగు సారాన్ని టీకాగా వేసిన ఎలుక ప్లీహంలోని కణం యాంటీబాడీ చేస్తుంది గానీ పళ్లెంలో ఎక్కువ కాలం బతకదు. ఎలుక క్యాన్సర్ కణం చావదు గానీ మనకు కావలసింది చేయదు. రెండింటినీ ఒకటి చేస్తే రెండు గుణాలూ ఉన్న కణం వస్తుంది. అలా కలిపే మందు పాలిఇథిలిన్ గ్లైకాల్, మా వాడుకలో పెగ్. మైనంలా ఉండే దాన్ని కరిగించి కణాల ముద్ద మీద బొట్టుబొట్టుగా వేయాలి. ఎక్కువసేపు ఉంటే అదే విషం కాబట్టి నిమిషం తిరగగానే పోషకద్రవం మెల్లగా పోసి పలచన చేయాలి. ఆ తరువాత వాడే ప్రత్యేక ద్రవంలో కలవని క్యాన్సర్ కణాలు చనిపోతాయి, కలిసినవి మాత్రం గుంపులుగా పెరుగుతాయి.

మా పళ్లేల్లో ఒక్క గుంపూ పెరగలేదు. రెండోసారీ అంతే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మందును తిట్టుకుని కొత్త సీసా తెప్పించాం. రూతక్క సెలవు అయిపోవస్తోంది. ఫలితం లేకపోతే డిగ్రీ లేకుండానే దవాఖానకు తిరిగి వెళ్లాలి. హైదరాబాద్‌లోని ఒక ల్యాబు నుంచి ఫ్లాస్కును కొంగులో చుట్టి, రైల్లో ఒడిలో పెట్టుకుని ఆమె తెచ్చిన క్యాన్సర్ కణాలు ఇంకొక్క ప్రయత్నానికే సరిపోతాయి, మళ్లీ పెంచుకునేంత వ్యవధి లేదు. మళ్లీ అడిగితే ఇస్తారన్న నమ్మకం లేదు.

మూడోసారి నేను పక్కన కూర్చుని ట్యూబును వదిలేసి ఆమె చేతిని చూశాను. పెగ్ వేసింది, పలచన చేసింది, అంతా పద్ధతిగానే ఉంది. అడుగున కణాలు ఉప్మారవ్వలా గడ్డకట్టాయి. వెంటనే ఆమె పిపెట్‌తో ద్రవాన్ని గబగబా పీల్చి, వదిలి, ఆ గడ్డలన్నీ చెదరగొట్టింది. అప్పుడే అతుక్కుంటున్న కణాలు ఆ దెబ్బకు చిరిగిపోతాయి. ఎందుకలా చేశావక్కా అని అడిగాను.

ఆమె తన చేతిని తనే చూసుకుంది. "గడ్డ కనవడితె చెయ్యి ఆగదు సార్. రక్తం గ్రూపు సూసెటప్పుడు కణాలల్ల గడ్డ మిగిలితె రిజల్టు తప్పొస్తది, ఒకరి పానం మీదికొస్తది. గట్లనే నేర్సుకున్న" అంది. ఆ మాటతో పాటే కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరి కణాలు పోయాయని ఇద్దరికీ తెలుసు.

మా విభాగాధిపతిని అందరం పెద్దసారు అనేవాళ్లం. జరిగింది చెబితే ఆయన కోప్పడలేదు. సొంత ప్రయోగానికి పెంచుకుంటున్న అదే రకం క్యాన్సర్ కణాల ఫ్లాస్కు తెచ్చి ఆమె ముందు పెట్టారు. "ఫికర్ జెయ్యకు బిడ్డా. నాది మళ్ల చూస్కుంట. ఈసారి గడ్డను జర గట్లనే ఉండనియ్యి" అన్నారు. దాంతో ఆయన పని వెనకబడింది. ఆ సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. అంత పెద్ద మనసు నా ఉద్యోగకాలంలో ఎక్కువసార్లు చూడలేదు.

ఈసారి ద్రవం పోయగానే రూతక్క పిపెట్‌ను నా చేతికిచ్చి, ప్రార్థనలో కూర్చున్నట్టు చేతులు కట్టుకుంది. కొన్నాళ్లకు మైక్రోస్కోప్ దగ్గర నుంచి పిలిచింది. "సార్, జర మీరు సూడుండ్రి. నా కండ్లను నేను నమ్ముత లేను." సగ్గుబియ్యంలా గుండ్రటి కణాల గుంపు కనబడింది. అది యాంటీబాడీ చేస్తోందని పరీక్షలో తేలింది. ఆమె థీసిస్ ఆ గుంపుతోనే మొదలైంది.

తరువాత ఆమె అదే దవాఖానకు ల్యాబ్ ఇన్‌ఛార్జిగా తిరిగి వెళ్లింది. ఒకసారి మా ఆవిడ ఆపరేషన్‌కు రక్తం కావలసి వచ్చి అక్కడికి వెళ్లాను. గ్రూపు పరీక్షకు కణాలు కలుపుతూ రూతక్క ఒక్క క్షణం ఆగింది. నన్ను చూసి నవ్వి, "ఇప్పుడు గడ్డ కనవడితె చెయ్యి ఆగుతాంది సార్. మీరు చెడగొట్టిండ్రు" అని, గట్టిగా కలిపింది. మా ఆవిడకు ఆ రక్తమే ఎక్కించారు, క్షేమంగా ఇంటికి వచ్చింది.

ఒక చోట ప్రాణం నిలిపే అలవాటు ఇంకో చోట ప్రయోగాన్ని చంపుతుంది. అందుకని రిటైరయ్యేదాకా, కొత్త విద్యార్థి ఎవరొచ్చినా మార్కుల జాబితా చూడకముందే, ఇంతకుముందు ఏం పని చేశావని అడిగేవాణ్ణి.