సుకన్య తిప్పిన బొమ్మ

"దొరికింది! మావా, దొరికింది! బేగా రా!"

సుకన్య పెట్టిన కేకకు ఆళ్లగడ్డ రోడ్డు పక్క రేకుల షెడ్లలో ఉలులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఏ పామో కనబడిందనుకుని ఇద్దరు ముగ్గురు కట్టెలు పట్టుకుని వచ్చారు కూడా. తీరా చూస్తే ఆమె ఒళ్లో ట్యాబ్. ట్యాబ్‌లో ఒక పెద్దామె అన్నం గంగాళం పక్కన నిలబడి నవ్వుతోంది. ఆ మాత్రానికే నలభై ఆరేళ్ల మనిషి చిన్నపిల్లలా గంతులేస్తోందని వాళ్లు గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

వాళ్లకేం తెలుసు పాపం! ఆ నవ్వు కోసం సుకన్య నాలుగు రోజులుగా మూడు గంటల పెళ్లి వీడియోను ముందుకూ వెనక్కూ జరుపుతూ కూర్చుంది. కూర మాడింది, పాలు పొంగాయి, సుకన్య మాత్రం లేవలేదు.

సంగతేమిటంటే, సుకన్య మొగుడు గురుస్వామి శిల్పి. దేవుళ్ల బొమ్మల్లో అతని చెయ్యి తిరుగులేనిది. దేవుడికి కొలతలు ఉన్నాయి, తాత చెప్పినవి, తండ్రి చెప్పినవి. మనిషికి అట్లాంటివేమీ లేవు. రెండేళ్ల కిందట ఎవరో వాళ్ల నాయన బొమ్మ చెక్కించుకుని, తీసుకుపోవడానికి వచ్చి, ముందుకొకసారి పక్కకొకసారి చూసి, "ఇది మా నాయన కాదప్పా" అని చెప్పి వెళ్లిపోయారు. ఒక్క మాట! గురుస్వామి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇక బతికుండగా మనిషి మొఖం మీద ఉలి పెట్టనని ఒట్టేసుకున్నాడు.

సుకన్యది కొలిమిగుండ్ల పక్క పల్లె. కోడలిగా వచ్చిన రోజు నుంచి ఆమెకు షెడ్డులో ఒకే పని, నునుపు పట్టడం. గురుస్వామి చెక్కి లేచిన చోట ఆమె నీళ్ల చెంబుతో, సానరాయితో కూర్చునేది. ఇరవై ఆరేళ్లు రుద్దీ రుద్దీ ఆమె వేలిముద్రలే అరిగిపోయాయి. రేషన్ మిషన్ మీద వేలు పెడితే నువ్వెవరో తెలియదంటుంది. కూతురు వినీత అత్తగారింటికి పోతూ వదిలేసిన ఆ ట్యాబ్ కూడా ఆమె వేలితో తెరుచుకోదు, నంబర్లు కొట్టాల్సిందే. రాయి మీద గీత గీసే పని మాత్రం ఈ ఇరవై ఆరేళ్లలో ఆమెకు ఎవరూ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు.

అట్లాంటి సుకన్య ఈసారి ఒక మాట ఇచ్చేసింది. గోస్పాడు నుంచి చెన్నకేశవులు అనే రైతు వచ్చాడు. పోయిన ఏడాది చనిపోయిన వాళ్లమ్మ తులసమ్మ బొమ్మను వాళ్ల వరిమడి గట్టు మీద నిలబెట్టాలని అతని కోరిక. గురుస్వామి చెయ్యనంటే చెయ్యనన్నాడు. పైగా ఫొటో కూడా సరైనది లేదు. తులసమ్మకు ఫొటో అంటే పడదట, ఓటరు కార్డులో ఉన్నది మనిషో మసో తెలియడం లేదు. చెన్నకేశవులు నీళ్లు నిండిన కళ్లతో లేచి పోతుంటే సుకన్య ఆగలేకపోయింది.

"అన్నా, పెండ్లి క్యాసెట్టు గానీ ఏమన్నా ఉందా మీ ఇంట్లో?"

"మా తమ్ముని పెండ్లిది ఉందమ్మా, తొంభై ఎనిమిదిది. పెన్‌డ్రైవులోకి ఎక్కించినారు."

"అది తెచ్చియ్యి. మొఖం నేను పట్టుకొస్తా. చెక్కేది ఆయన. మీయమ్మ అని నీ నోట్నే అనిపిస్తాం."

గురుస్వామి ఆమెను కొరకొరా చూశాడు. పరాయి మనిషి ముందు భార్య మాట తీసెయ్యలేక ఊరుకున్నాడు. ఇక చూడండి, సుకన్య గుండె మీద బండ పడింది. ఈ బొమ్మ కూడా "కాదప్పా" అనిపించుకుంటే ఆయన ఇంకెప్పుడూ మనిషిని చెక్కడు, తన మాటకు ఆ షెడ్డులో ఇంకెప్పుడూ విలువుండదు.

స్క్రీన్‌షాట్ తీయడం వినడానికి తేలికే. రెండు బటన్లు ఒకేసారి నొక్కాలని వినీత ఫోన్‌లో చెప్పింది. ఒకటి ముందు పడితే సౌండ్ తగ్గిపోయేది, ఇంకోటి ముందు పడితే ట్యాబే ఆరిపోయేది. ఈలోపు తులసమ్మ దాటిపోయేది. ఆ కాలం వీడియోవాళ్లు మహానుభావులు! మనిషి మొఖం దగ్గరికి రాగానే తెర మీద తామరపువ్వు విచ్చుకునేది, లేకుంటే గుండె ఆకారంలో పెళ్లికొడుకు ప్రత్యక్షమయ్యేవాడు. పన్నెండు చోట్ల తులసమ్మ కనబడితే పదకొండు చోట్ల పువ్వో, మనిషో, వీపో అడ్డం. ముప్పై ఏడు స్క్రీన్‌షాట్లు తీసి ముప్పై ఆరు తుడిచేసింది. మిగిలిన ఒక్కటే ఆ గంగాళం పక్క నవ్వు. కొంచెం పక్కకు తిరిగిన మొఖం, ముక్కు వాలు, బుగ్గ మీద కందిగింజంత పులిపిరి, అన్నీ ఉన్నాయి. సుకన్యకు ఆమెను పేరు పెట్టి పిలవాలనిపించింది.

గురుస్వామి వచ్చి చూశాడు. లోపలికి పోయి కొలతలు పట్టే కైవారం తెచ్చి ట్యాబ్ అద్దం మీద పెట్టాడు. ముక్కు పొడుగు పట్టుకున్నాడు. గడ్డం కింద గదవ దగ్గరికి పోయేసరికి వేళ్లు తగిలి బొమ్మ ఉబ్బింది.

"ఏందే ఇది? ముక్కు పెరుగుతాంది!"

"నీ చేతులు తీయ్ మావా! పెరగకుండా నేను గీసిస్తా గదా."

ఎడిట్‌లోకి పోయి, ఎర్ర రంగు ఎంచుకుని, వేలితో గీతలు గీసింది. నుదురు నుంచి కనుబొమలకు ఒకటి, కనుబొమల నుంచి ముక్కు కొసకు ఒకటి, అక్కడి నుంచి గదవకు ఒకటి. పక్కన నిలబడి ఇరవై ఆరేళ్లు చూసిన పని, వేలికి దానంతటదే వచ్చేసింది. గురుస్వామి మళ్లీ కొలిచాడు. "బానే గీసినావ్" అన్నాడు. అబ్బ! ఆ మాటకు సుకన్య ఆ పూట అన్నం కూడా తినకుండానే కడుపు నింపుకుంది.

ఆ ఉత్సాహంలోనే కొంప ముంచే పని చేసింది. చుట్టూ ఉన్న షామియానా, మనుషులు, గిన్నెలు చెత్తలా కనిపించి అంతా కత్తిరించేసింది. మిగిలిన బొమ్మను తేరిపార చూస్తే తులసమ్మ పైట కుడి భుజం మీద ఉంది. ఎవరైనా ఎడమ భుజం మీద కదా వేసుకుంటారు? ఈ ట్యాబ్‌తో తనను తాను ఫొటో తీసుకున్నప్పుడల్లా తన పైట కూడా ఇట్లాగే అటుది ఇటు అవుతుంది. క్యాసెట్టు ఎక్కించేటప్పుడు ఇది కూడా అట్లే తిరగబడి ఉంటుందిలే అనుకుంది. ఎడిట్‌లో బొమ్మను తిప్పే గుర్తు ఉంది కదా, నొక్కింది. పైట ఎడమకు వచ్చింది, దాంతో పాటు పులిపిరీ ఎడమ బుగ్గకు వచ్చింది. దాన్ని చెన్నకేశవులుకు పంపింది. అతను "మాయమ్మే! మాయమ్మే!" అని ఫోన్‌లో వల వల ఏడ్చాడు. ఆ ఏడుపులో ఏ భుజమో ఏ బుగ్గో అతనికేం కనబడుతుంది!

పది రోజుల్లో రాయి మనిషి ఆకారానికి వచ్చింది. మొఖం చెక్కడానికి ట్యాబ్ చాలదని, అదే బొమ్మను రాతి సైజులో ప్రింటు తీయించుకు రావడానికి సుకన్య పొద్దున్నే నంద్యాల బస్సెక్కింది. ఆమె బయల్దేరేటప్పుడు గురుస్వామి గ్రైండరు వైరు సర్దుతున్నాడు.

"బేగా రా. నువ్వొచ్చేలోపు బుగ్గలు పట్టుకుంటా. ఎడమ పక్క పులిపిరికి రాయి ఇడిసిపెట్టి, కుడి పక్క అంతా దించేస్తా."

నంద్యాల సంజీవనగర్ గేటు దగ్గర ఫ్లెక్సీల షాపులో హిమజ అనే అమ్మాయి కంప్యూటరు ముందు ఉంది. బొమ్మను పెద్దది చేసి పెదవి విరిచింది.

"మసకొస్తాది అక్కా. కత్తిరించకముందుది ఉంటే ఇయ్యి."

సుకన్య మొదటి స్క్రీన్‌షాట్ తీసి ఇచ్చింది. హిమజ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"ఏందక్కా, దీంట్లో పులిపిరి కుడి పక్కుంది, దాంట్లో ఎడమ పక్కుంది?"

"మొదటిది తిరగబడింది పాపా. నేనే సరిజేసినా."

"తిరగబడితే ఎనక షామియానా మీద పేరు గూడా తిరగబడాల గదక్కా? చూడు, సక్కగా చదవనొస్తాంది."

సుకన్య చూసింది. గంగాళం వెనక, షామియానా గుడ్డ మీద, ఎర్రటి అక్షరాలు. ఫలానా టెంట్ హౌస్, గోస్పాడు. చక్కగా, సూటిగా, ఒకటో తరగతి పిల్లలు కూడా చదివేటట్టు ఉంది. చెత్త అనుకుని తను కత్తిరించి పారేసింది దాన్నే!

అక్కడికక్కడే చెన్నకేశవులుకు ఫోన్ చేసింది.

"అన్నా, మీయమ్మ పైట ఏ పక్క ఏసుకుంటుండె?"

"కుడి పక్క. మాయమ్మ పుట్టినింటోళ్లంతా కుడిపైటే గదమ్మా. అందరికీ తెలిసిందే గదా."

"పులిపిరి?"

"కుడి బుగ్గ మీదే. చిన్నప్పుడు నేను గిల్లితే కొట్టేది. ఏంటికమ్మా?"

"ఏం లేదన్నా" అని పెట్టేసింది. గోస్పాడులో అందరికీ తెలిసిందే, ఆళ్లగడ్డలో తనకు తెలియనిదీ అదే. గురుస్వామికి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఎత్తలేదు. ఫోన్ మేకుకు తగిలించిన చొక్కాలో, మనిషి గ్రైండరు మోతలో ఉంటాడు. పక్క షెడ్డు ఓబులేసుకు చేస్తే తిరునాళ్లలో ఉన్నానన్నాడు. తీసేసిన రాయిని మళ్లీ అతికించే మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. సుకన్య ప్రింటు లేదు, గొడుగు లేదు, చెప్పులు కాళ్లకున్నాయో లేదో చూసుకోకుండా బస్టాండుకు పరిగెత్తింది.

ఆ బస్సు ఉంది చూశారూ, చెయ్యెత్తిన ప్రతి మనిషికీ ఆగింది. సిరివెళ్లలో ఎవరో ఎరువు బస్తా ఎక్కిస్తుంటే సుకన్య సీట్లోంచి లేచి "అప్పా, ఆడ మా ఊళ్లో మనిషికి పానం మీదికొచ్చింది, పోనీయప్పా!" అని అరిచింది. డ్రైవరు నిజమేననుకుని తోలాడు. అది అబద్ధమని ఆమెకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. కండక్టరు పాపం నీళ్ల సీసా కూడా ఇచ్చాడు.

ఆళ్లగడ్డలో దిగేసరికి గ్రైండరు మోత రోడ్డు దాకా వినిపిస్తోంది. పరిగెత్తుకుంటూ షెడ్డులోకి పోయి, మాట కూడా లేకుండా, గోడకున్న వైరు పట్టుకుని పీకేసింది. మోత ఆగింది. దుమ్ములోంచి గురుస్వామి లేచాడు.

"పిచ్చి గానీ పట్టిందా నీకు?"

"తప్పు జేసినా మావా. బొమ్మను నేనే తిప్పినా. ఆయమ్మది కుడిపైట. పులిపిరి కుడి బుగ్గ మీద." ఒక్క ఊపిరిలో చెప్పేసి, మొదటి స్క్రీన్‌షాట్ అతని చేతిలో పెట్టి, ఏ తిట్టు వస్తే ఆ తిట్టు పడదామని నిలబడింది.

గురుస్వామి చూశాడు. షామియానా అక్షరాలు పైకి చదివాడు. రాయి దగ్గరికి పోయి కుడి బుగ్గ మీద బొటనవేలు పెట్టాడు, తర్వాత కైవారం పెట్టాడు.

"రెండు నూళ్లు మిగిలింది, పావంగుళం" అన్నాడు. "ఇంకో చుట్టు తిప్పుంటే పోయుండేది. భుజాలు ఇంగా ముట్టుకోలే."

"చాలుతాదా?"

"పులిపిరికెంత కావల్ల! చాలుతాది."

సుకన్య కూలబడిపోయి నవ్వింది, ఏడ్చింది, రెండూ ఒకేసారి వచ్చేశాయి. గురుస్వామి రాయి మీద గీతలు గీసే ఎర్ర జాజు ముక్క తీసి ఆమె ఒళ్లో వేశాడు.

"ఏడ్సింది సాలు. లెయ్. గీత నువ్వే గీయ్."

"నేనా? రాయి మీదనా?"

"మొఖం చూసింది నువ్వు. తప్పు పట్టుకుంది నువ్వు. మళ్లా నేను గీస్తే ఇంగోటి అయితాది. గీయ్."

ఇరవై ఆరేళ్ల తర్వాత సుకన్య రాయి మీద గీత గీసింది. కుడి బుగ్గ మీద చిన్న ఎర్ర చుక్క, కుడి భుజం మీదుగా పైట అంచు.

నెల తిరిగేసరికి బొమ్మ తయారైంది. ట్రాక్టరు తెచ్చుకుని చెన్నకేశవులు వచ్చాడు, వెంట తులసమ్మ చెల్లెలు నరసమ్మను తెచ్చాడు. ఆమెదీ కుడిపైటే. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్లు పట్టుకుంటూ ట్రాక్టరు దిగింది. గురుస్వామి రాళ్ల వెనక్కు పోయి నిలబడ్డాడు, చూడలేక. సుకన్య గుడ్డ తీసింది.

చెన్నకేశవులు చెప్పులు విడిచి నిలబడ్డాడు. నరసమ్మ నేరుగా బొమ్మ దగ్గరికి పోయింది. కిందికీ పైకీ చూసింది. రాతి బుగ్గ మీద ఒక్క దెబ్బ వేసింది.

"ఏమే అక్కా! చెప్పాపెట్టకుండా పొయ్యి, నన్ను ఒక్కదాన్నే చేసి, ఈడొచ్చి నిలబడుకున్నావా? నగుతాండావా ఇంగా?"

అని ఆ కుడి భుజం మీద తల ఆనించి భోరుమంది.

రాళ్ల వెనక నుంచి గురుస్వామి ఎప్పుడు ఇవతలికి వచ్చాడో ఎవరూ చూడలేదు. వచ్చి సుకన్య పక్కన నిలబడ్డాడు. కాసేపటికి నరసమ్మే తేరుకుని, పైట చెంగుతో తన మొఖం తుడుచుకుని, తర్వాత అక్క మొఖం మీది రాతిదుమ్ము కూడా తుడిచింది.

"ఏం చూస్తాండారు అందరూ? మెల్లిగా ఎత్తండి. మాయక్కకు నడుము నొప్పి."