మా మావయ్య కళ్ళూ, నా కాగితమూ

ఆ రోజుల్లో మా ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో నోటుపుస్తకం పట్టుకున్న కొత్త మనిషి కనబడితే చాలు, వీధి వీధంతా తలుపులు దగ్గరకి వేసేసుకునేది. వచ్చినవాడు దోమల మందు కొట్టేవాడు కావచ్చు, ఓటర్ల లెక్క రాసుకునేవాడు కావచ్చు. మా వాళ్ళ కంటికి మాత్రం పోస్టులు తగ్గించడానికి పెద్దాఫీసు పంపిన మనిషే. ఈ అనుమానం మాకు రైల్వే వాళ్ళు క్వార్టరుతో పాటే ఇచ్చారు: గదులు రెండు, కుళాయి ఒకటి, అనుమానం ఎంత కావాలంటే అంత. అన్నిటికన్నా పెద్ద అనుమానం కంటి పరీక్ష మీద ఉండేది. డ్రైవరుకి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదని తేలితే ఇంజను దింపేసి ఏదో ఓ గదిలో ఫైళ్ళు మోయిస్తారు. అందుకని పరీక్షలో చూపించే రంగు చుక్కల పుస్తకంలో ఏ పేజీకి ఏ అంకె ఉంటుందో తండ్రులు కొడుకులకి ముందే బట్టీ పట్టించేవారు. (మా వీధిలో కొందరు పిల్లలకి ఎక్కాలు రాకముందే ఆ అంకెలు వచ్చేవి. వాళ్ళ కళ్ళు నిక్షేపంగా ఉండేవి. అయినా బట్టీ పట్టేవారు. కళ్ళని ఎంతవరకని నమ్మగలం?)

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. బీఎస్సీ పాసై, పని లేక, అందరికీ సలహాలిస్తూ తిరిగేవాణ్ణి. ఆ వేసవిలో కలకత్తా నుంచి పరిశోధన చేసే ఒకావిడ వచ్చి, సెలవులకి మూసిన తెలుగు బడిలో ఒక గది తీసుకుని, అందులో ఒక కంప్యూటరు పెట్టింది. తెలుగూ హిందీ బెంగాలీ వచ్చిన మనిషి కావాలంటే నన్ను కుదుర్చుకుంది. మేమంతా దీదీ అనేవాళ్ళం. ఆవిడ చెప్పిన సంగతి నాకు ఇప్పటికీ అబ్బురమే. ఆవులకీ కుక్కలకీ ఎరుపు విడిగా తెలియదట. కోట్ల ఏళ్ళ కిందట కోతులకి మాత్రం ఆకుల్లో పండిన పండుని పోల్చుకునే చూపు వచ్చిందట. మనకు ఎర్ర సిగ్నలు కనిపించేది ఆ కోతుల చలవేనట. కొందరి కళ్ళలో పుట్టుకతోనే ఆ చూపు లోపిస్తుందట. రేపు సిగ్నల్ కేబిన్లలోకి కంప్యూటర్లు వస్తాయి కదా, వాటి తెర మీద ఏ రంగులు పెడితే ఏ కన్నూ మోసపోదో తేల్చాలట. జీవితమంతా రంగు దీపాలు చూసిన కళ్ళు కావాలని మా ఊరు వచ్చింది. పేర్లు రాయకూడదు, మనిషికో అంకె ఇవ్వాలి, ఫలితం ఎవరికీ చెప్పకూడదు. ఇవి ఆవిడ పెట్టిన షరతులు. నేను తలూపాను. "ఆగే శొందేహొ కొరో" అనేది మాటిమాటికీ, అంటే ముందు సందేహించమని. సైన్సంటే అదేనట. ఆ ఒక్క మాటా నాకు బాగా పట్టేసింది.

మొదట ఎవరూ రాలేదు. అప్పుడు మా మావయ్యని బతిమాలాను. మావయ్య మా అమ్మకి తమ్ముడు, గూడ్సు బండి డ్రైవరు. ఆయన వస్తే వీధంతా వస్తుంది. కోతుల కథ చెబితే చుట్ట పక్కన పెట్టి విన్నాడు.

"అయితే కోతి పండు తిన్నాది కాబట్టి నాను బండి తోలుతన్నానంటావు."

"అంతే మావా."

"ఆ కోతికి పింఛనేటైనా ఇస్తన్నారేటి?"

పక్కనే ఉన్న అర్జీల బాబాయి పకపకా నవ్వాడు. ఈయన మావయ్య బండికి గార్డు. మావయ్య ముందు ఇంజనులో, ఈయన వెనక బ్రేకు పెట్టెలో, ఏళ్ళ తరబడి ఒకే బండి. ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవారు. కాలనీలో మురిక్కాలవ నిండినా, వీధి దీపం పోయినా రైల్వే వాళ్ళకి అర్జీ రాసేది ఈయనే. చివర్లో పేరూ హోదా క్వార్టరు నంబరూ వేసి, కింద గీత గీసి మరీ సంతకం పెట్టేవాడు.

నేను చేసిన మొదటి తప్పు ఇదిగో. దీదీ నాకు పరీక్ష చూపించినప్పుడు, తెర మీద వచ్చే మూడు గడుల్లో ఏది వేరే రంగో ఆ వరస అంతా కాగితం మీద ఎక్కించుకున్నాను. రెండు, ఒకటి, మూడు, మూడు, ఒకటి... అలా పేజీ నిండా. మావయ్య ఇంజను నా వల్ల పోకూడదని ఆయన చేతిలో పెట్టాను. ఆయన విసుక్కున్నాడు. "ముప్పై ఏళ్ళు సిగ్నలు సూసినోడికి నువ్వు సీటీ రాసిస్తావేటిరా? పట్టుకుపో." అంటూనే దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెత్తబుట్ట దొరక్క పెట్టుకున్నాడనుకున్నాను.

మర్నాడు మావయ్య గదిలో కూర్చున్నాడు, అర్జీల బాబాయి తోడొచ్చి బయట బల్ల మీద. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. తప్పు. తప్పు. ఒక ఒప్పు. మళ్ళీ తప్పు. నా కాగితం తిప్పికొట్టి సొంత కళ్ళతో కూర్చున్న మనిషి, ఎర్ర గడి ఏదో పోల్చుకోలేకపోయాడు! ఆ మనిషి రోజూ అన్ని పెట్టెలు వెనక కట్టుకుని బండి నడుపుతున్నాడు!

ఇక చూడండి నా సైన్సు. రెండు రోజులు మావయ్య మీద నిఘా వేశాను. గోల్‌బజార్లో పచ్చి టమాటాలు ఏరి కొన్నాడు. (అత్త పచ్చడికి అవే తెమ్మందని తరవాత తెలిసింది.) మామిడిపండుని రంగు చూసి తీసుకోకుండా వాసన చూసి తీసుకున్నాడు. (ఎవరు మాత్రం చూడరు?) నేరేడుపండు రంగు చీర తెమ్మంటే బచ్చలిపండు రంగు తెచ్చాడని అత్త ఎప్పుడో సణగడం గుర్తొచ్చింది. అన్నీ కలుపుకుంటే నాకు లెక్క సరిపోయింది. మావయ్యనే అడగొచ్చు కదా అంటారేమో. అడిగితే కొడతాడని భయం. నిజం చెప్పాలంటే, అడగడం కన్నా కనిపెట్టడం గొప్ప అని నా పొగరు. ఆకాశరామన్న ఉత్తరం రాశాను. ఎడమ చేత్తో, ఇంగ్లీషులో, 'రైల్వే శ్రేయోభిలాషి' అని. ఫలానా డ్రైవరుకి రంగులు తెలియవు, ప్రమాదం జరగకముందే చూసుకోండి అని. మా పోస్టు డబ్బాలో వేస్తే పట్టుబడతానని గోల్‌బజార్ దాకా నడిచి అక్కడ వేశాను.

తరవాతి వారం మిగతావాళ్ళు వరసగా వచ్చారు. అర్జీల బాబాయి తప్పాడు. ఆయన తరవాతివాడూ తప్పాడు. ఆ తరవాతి ఏడుగురూ తప్పారు. మా వీధికి కోతుల చలవ అసలు సోకలేదా అని నాకు బెంగ పట్టుకుంది. దీదీ మాత్రం ఆ ఫలితాలన్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి, నన్ను పిలిచింది.

"జబ్బయితే ఒక్కో కన్ను ఒక్కోలా తప్పుతుంది. వీళ్ళంతా ఒకే అంకెలు ఒకే వరసలో నొక్కారు. ఇది జబ్బు కాదు, కాగితం. ఎవరు రాసిచ్చారు?"

నేను నేల చూశాను. కంప్యూటరు మనిషి మనిషికీ గడుల వరస మార్చేస్తుందట. ఆ ముక్క నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మావయ్య నా కాగితం బట్టీ పట్టి, అర్జీల బాబాయికిచ్చాడు. అక్కణ్ణుంచి అది పెళ్ళి శుభలేఖలా ఇంటింటికీ తిరిగింది. "అందరినీ సందేహించమన్నాను, నిన్ను మాత్రం నేను సందేహించలేదు. తప్పు నాదే" అంది దీదీ. కోప్పడి ఉంటే బాగుండేది. ఆ వేసవి పనంతా పక్కన పడేసి, సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. నేను ఉత్తరం సంగతి ఆవిడకి కూడా చెప్పలేదు.

ఆ ఉత్తరం చేరవలసిన చోటికి చేరింది. ఎవరో సంతకం లేని ఉత్తరం రాశారని, నిజం తేలేదాకా మావయ్యని ఇంజను దింపేశారు. ఆయన డ్యూటీకి పట్టుకెళ్ళే ఇనప పెట్టెని వరండాలోకి లాక్కుని దాని మీద కూర్చునేవాడు. నిమ్‌పురా యార్డు వైపు నుంచి కూత వినబడితే లేచి నిలబడేవాడు, మళ్ళీ కూర్చునేవాడు. ఈలోగా వీధి తన పరిశోధన తను చేసింది. పరీక్ష రోజు బయట బల్ల మీద ఉన్నదెవరు? కాలనీలో ఉత్తరాలు రాసేదెవరు? రెండు ప్రశ్నలకీ జవాబు ఒక్కటే.

అర్జీల బాబాయి పరుగున వచ్చాడు. "బావా, నాను రాస్తే సంతకం లేకుండా రాస్తానేటి? నువ్వే సెప్పు!"

మావయ్య ఆయన వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు. "ఏటిరా అల్లుడూ, నువ్వా గదిలోనే ఉన్నావు గదా. నీకేటనిపిస్తాది?"

నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. "ఏమో మావా, ఎవులి మనసులో ఏటుందో" అన్నాను. నా జీవితంలో నేను పలికిన నీచమైన వాక్యం అది. బాబాయి నన్ను ఒక్కసారి చూసి వెళ్ళిపోయాడు.

ఆసుపత్రిలో మావయ్యని ఒక రోజంతా పరీక్షించారు. దీపాలు చూపించారు, రంగు రంగుల దారపు ఉండలు ఏరించారు. కళ్ళు వజ్రాల్లా ఉన్నాయని రాసిచ్చారు. మళ్ళీ ఇంజనెక్కాడు. ఎక్కేముందు డ్యూటీలు రాసే గుమాస్తా దగ్గరికి వెళ్ళి, "ఆ గార్డుతో నాకు బండి ఎయ్యకండి" అన్నాడట. రిటైరయ్యేదాకా వెయ్యలేదు. బాబాయి ఆ తరవాత ఒక్క అర్జీ కూడా రాయలేదు. మా వీధి దీపం ఎన్నేళ్ళు వెలగలేదో నాకు బాగా తెలుసు, ఆ చీకట్లో నేను రోజూ నడిచాను.

ఇప్పుడు నాకు యాభై దగ్గర పడుతోంది. ఇదే ఊళ్ళో సైన్సు పాఠాలు చెప్పుకుంటున్నాను. మొన్న మావయ్యకి శుక్లం ఆపరేషన్ చేయించాను. కట్టు విప్పిన రోజున నిమ్‌పురాలో ఆయన ఇంటి ముందు కూర్చున్నాం. ఆకాశం కేసి అలా చూస్తూనే ఉన్నాడు.

"ఇంత నీలంగా ఉంటాదేటిరా ఇది? మరిసిపోనాను. ఎనకటికి ఆ దీదీ పెట్టె మీద కూడా ఇలాగే తేటగా కనబడీవి రంగులు."

"కనబడేవా? మరి తప్పులు నొక్కినావెందుకు మావా?"

"ఒకటో గడి ఏరేగా కనబడతంది. నీ కాగితంలో మూడని ఉన్నాది. ఏటి సెయ్యాలని ఆలోసించినాను. నువ్వు సదువుకున్నోడివి, పెట్టె పక్కన నిలబడ్డోడివి. నా కళ్ళకేటి తెలుసులే అనుకున్నాను. మూడే నొక్కినాను."

నా మటుకు నేను ఇన్నేళ్ళుగా, బట్టీ పట్టడం ఆయనకు అలవాటు కాబట్టి నొక్కాడని సరిపెట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు బండి నడిపిన కళ్ళని కాదని నన్ను నమ్మాడని నాకు తట్టలేదు. ఇక ఆపుకోలేకపోయాను. "మావా, ఆ ఉత్తరం నేనే రాసినాను."

మావయ్య జేబులోంచి కంటి మందు సీసా తీశాడు. "మందు ఎన్ని సుక్కలెయ్యమన్నాడు?" అన్నాడు. రెండన్నాను. వేయించుకుని, కళ్ళు తుడుచుకుని, "టోటో రిక్షా పిలు" అన్నాడు.

అర్జీల బాబాయి కూతురింట్లో ఉంటున్నాడు. తలుపు ఆయనే తీశాడు. ఇద్దరూ గుమ్మానికి అటొకరూ ఇటొకరూ.

"బావా, ఆ ఉత్తరం నువ్వు రాయలేదంట" అన్నాడు మావయ్య.

"ఎవులు సెప్పినారు?"

మావయ్య నన్ను చూపించాడు. "ఈడే రాసినాడంట. ఇప్పుడు సెప్పినాడు."

బాబాయి నా వైపు చూడనైనా చూడలేదు. "అన్నేళ్ళు ఒక్క బండికి నువ్వు ముందూ నాను ఎనకా తిరిగినాం. నాను సెప్తే ఇన్నావు కాదు. ఈడు సెప్తే మాత్రం ఎంటనే ఇన్నావు. ఇప్పటికీ ఈడి మాటేనేటి బావా నీకు?"

దానికి జవాబు నా దగ్గర ఉంది గాని నన్నెవరూ అడగలేదు. బాబాయి లోపలికి వెళ్ళిపోయాడు. ఇక వెళ్ళిపోదామని మావయ్య చెయ్యి పట్టుకున్నాను, ఆయన కదల్లేదు. కాసేపటికి లోపల ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. బాబాయి రెండు కుర్చీలు తెచ్చి వరండాలో ఎదురెదురుగా వేశాడు. రెండే. ఇద్దరూ కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పుల గురించి మొదలుపెట్టారు.

నేను మెట్ల దగ్గరే నిలబడ్డాను. అందరినీ అనుమానించి, తనని మాత్రం పరీక్షించుకోని ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు కూడా నా పక్కనే నిలబడ్డట్టు అనిపించి నవ్వొచ్చింది. పోనీలే, వాడికీ కాళ్ళు నొప్పి పుట్టనీ.