ఒకటో ట్రాక్ మీద వదినె

మెదక్‌లో మేము కిరాయికి ఉన్న ఇంటి ముందుగదే మా స్టూడియో. గోడలకు పాత బొంతలు, కిటికీకి అడ్డంగా పరుపు, బల్ల మీద ఎనిమిది ట్రాకుల డిజిటల్ రికార్డర్. మైకులు సర్దడం, పాడేవాళ్లకు చాయ్ తాగించి భయం పోగొట్టడం మా ఇంటాయన పని. పాటలకు పేర్లు పెట్టడం, ఎవరూ చెరపకుండా మిషన్‌లోనే తాళం వేయడం, అవసరం తీరినవి తీసేయడం నా పని. ఆయనకు అప్పగిస్తే చర్చి క్వాయర్ పాట మీద పెళ్లి బ్యాండు ఎక్కేది. ఒకసారి ఎక్కింది కూడా. అప్పటినుంచి ఆ బటన్ల మీద ఆయన చెయ్యి పడనివ్వలేదు.

అవి ఊరూరా తెలంగాణ పాటలు మోగుతున్న రోజులు. వదినె, అంటే మా ఇంటాయన అక్క, బతుకమ్మ పాటలకు మా వాడలో పెట్టింది పేరు. ఆమె ఎత్తుకుందంటే ఆడవాళ్లంతా అందుకోవాల్సిందే. ఉద్యమం మీద ఆమె కూడా ఒక పాట కట్టింది. ముందు ఆమెనొక్కదాన్నే పాడించి, అందుకునేవాళ్ల గొంతులు తర్వాత వేరే ట్రాకుల మీద ఎక్కిద్దామన్నాడు మా ఇంటాయన. వదినె హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్క పాదం పాడి ఆగిపోయింది.

"ఎవ్వలు అందుకోకుంటే ముందటి మాట నోటికెట్లొస్తది పిల్లా?"

న్యాయమే. అందుకని నేను ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. పాదం ముగిసినప్పుడల్లా చప్పుడు రాకుండా పెదవులు కదిపాను, అరచేతులు తాకకుండా చప్పట్లు కొట్టాను. నా వాలకం చూసి నవ్వు ఆపుకుంటూనే వదినె పాట ఆఖరుదాకా పాడింది. ఆమె గొంతు ఒకటో ట్రాక్ మీదికి వచ్చింది. తర్వాత మిగతావాటి మీదికి ఆడవాళ్లు, డప్పు, కీబోర్డు వచ్చాయి. సీడీ వాడవాడకూ పోయింది.

మరుసటి ఎండాకాలం వదినె గొంతులో గడ్డ లేచింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. మాట గాలిలాగా వచ్చేది. బతుకమ్మ రోజులు మొదలయ్యాక పూలు పేర్చి ఇచ్చేది గానీ ఆటకు వచ్చేది కాదు. పిలవడానికి పోతే వంట ఉందనేది. పాడలేని తను అక్కడెందుకనుకుందని నాకు తెలుసు. ఇంటికొచ్చి ఏడ్చాను.

తెలంగాణ కోసం సమ్మె కూడా అప్పుడే నడుస్తోంది. చౌరస్తాలో వేసిన దీక్ష టెంటుకు వెంటనే కొత్త పాట కావాలన్నారు. మిషన్‌లో మెమరీ కార్డు నిండిపోయి ఉంది. ఇంకో కార్డు హైదరాబాద్ నుంచి రావాలి, బస్సులు బంద్. మిషన్‌లో సీడీ కొట్టే భాగం రిపేరుకు పోయింది, కంప్యూటర్ మాకు లేదు. కొత్త పాటకైతే మిషన్‌నే టెంటుకు మోసుకుపోవచ్చు, పాతవాటిని ఇంకోచోట దాచే దారి లేదు. ఉన్న పాటల్లో సీడీ బయటికి వచ్చింది వదినెదొక్కటే.

"అక్క పాట ఇంక మిషన్ల ఎందుకు? తీసెయ్," అన్నాడు మా ఇంటాయన, నా మొహం చూడకుండా.

సీడీలో అందరి గొంతులూ కలిసిపోయి ఉన్నాయి. ఆమె గొంతు విడిగా ఉన్నది ఈ కార్డులోనే. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు, అక్క గొంతు మళ్లీ వినే ధైర్యం లేక అంటున్నాడు. కోపం వచ్చింది, జాలీ వేసింది. నేనే చూసుకుంటాను, అవతలికి పొమ్మన్నాను.

పాటకున్న తాళం తీశాను. ఒక్కో ట్రాక్‌నే విడిగా విని డప్పు చెరిపాను, కీబోర్డు చెరిపాను, ఆడవాళ్ల గొంతులు చెరిపాను. వాటిలో నా గొంతు కూడా ఉంది, పోతే పోయింది. చెరిపినవి కార్డులోంచి పూర్తిగా ఖాళీ కావాలంటే ఇంకో బటన్ నొక్కాలి. ఆ తర్వాత దేవుడు దిగివచ్చినా తిరిగిరావు. ఒకటో ట్రాక్ ఉందని మళ్లీ విని, అప్పుడు నొక్కాను. టెంటు పాటకు సరిపడా చోటు దొరికింది. వదినె పాటకు తిరిగి తాళం వేశాను.

మరునాడు మధ్యాహ్నం బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు కోసి తెచ్చాను, కట్టలు కట్టడానికి సాయం రమ్మని వదినెను పిలిచాను. ఆమె పనిలో పడ్డాక స్పీకర్ పెట్టాను.

గదిలో ఆమె గొంతు లేచింది. ఒక పాదం పాడి ఆగింది. అందుకునేవాళ్లు లేరు. ఆ ఖాళీలో, నన్ను చూసి ఆమె ఆపుకున్న నవ్వు సన్నగా వినిపించింది. వదినె చేతిలో పువ్వులు అట్లనే ఉండిపోయాయి. రెండో పాదం, మళ్లీ ఖాళీ. తప్పు చేశానేమో, ఆమె లేచి వెళ్లిపోతుందేమో అనుకున్నాను.

మూడో పాదం ఆగినప్పుడు ఆమె పెదవులు కదిలాయి. గాలిలాంటి గొంతుతోనే "ఉయ్యాలో" అంది. తన పాటను తానే అందుకుంది. అక్కడినుంచి ఒక్క ఖాళీ కూడా వదల్లేదు.

పాట అయిపోయాక కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గామె మస్తు పాడుతున్నది. మల్ల పెట్టు పిల్లా. ఎవ్వలన్న అందుకోవాలె గదా."

మళ్లీ పెట్టాను. ఈసారి నేను కూడా కలిశాను. గుమ్మంలో ఎప్పుడొచ్చి నిలబడ్డాడో మా ఇంటాయన, లోపలికి వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు. మా వాడలో బతుకమ్మ పాటను మగవాళ్లు అందుకోరు. ఆయన అందుకున్నాడు.