తౌడు సంచుల ఎండాకాలం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పగలు చప్పుడు చేయకూడదు. అలాగని ఎవరూ నన్ను కట్టడి చేయలేదు. బాపు బొగ్గుబావిలో రాత్రి షిఫ్టు చేసి, పొద్దున్నే వచ్చి నాలుగు ముద్దలు తిని పడుకునేవాడు. మాకున్నది ఒకటే గది, పైన రేకులు. ఆయన నిద్రపోవాలంటే నేను లేనట్టే ఉండాలని నాకు నేనే అర్థం చేసుకున్నాను. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు.

అమ్మ ఆ ఏడు మాతో లేదు. ఊపిరితిత్తుల జబ్బని దూరంగా ఒక దవాఖానలో ఉంచారు. అక్కడికి పిల్లల్ని రానివ్వరు. నెలకోసారి బాపు రైలెక్కి వెళ్ళి చూసి వచ్చేవాడు. "మంచిగనే ఉన్నది" అనేవాడు. అంతకు మించి నేను అడిగేదాన్ని కాదు. పగలు నాకు తోడుగా ఉండాలని ఆయన కావాలనే రాత్రి డ్యూటీ వేయించుకున్నాడు. చీకటి పడ్డాక నన్ను ఎదురింటి చిన్నమ్మకు అప్పగించి బావికి పోయేవాడు. తోడుండటానికి వచ్చిన మనిషి నిద్రపోతూ ఉంటే ఆ గదిలో ఎంత ఒంటరిగా ఉంటుందో ఆయనకు తెలియదు. చెప్పడం నాకు రాదు.

ఎండాకాలం సెలవులు వచ్చాయి. గోదావరిఖనిలో మా ఇళ్ళ వరుసలోని పిల్లలందరూ వాళ్ళ వాళ్ళ ఊళ్ళకు పోయారు. మా ఊళ్ళో నన్ను చూసుకునేవాళ్ళు లేక నేను ఒక్కదాన్నే మిగిలాను. పొద్దున పదిన్నర దాటితే పైన రేకులు టప్పు టప్పుమనేవి. గది పొయ్యిలా కాలేది. బాపు తడిగుడ్డ ఛాతీ మీద వేసుకుని అటూ ఇటూ దొర్లేవాడు. నేను గోడకానుకుని, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని, ఆయన ఊపిరి ఎప్పుడు నిమ్మళిస్తుందా అని వింటూ ఉండేదాన్ని.

ఒక మధ్యాహ్నం దాహమై బిందె మీది చెంబు తీయబోతే జారి గచ్చు మీద పడింది. దొర్లుకుంటూ పోయి మంచం కోడుకు తగిలి ఆగింది. బాపు కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. తిట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి డ్యూటీలో, పట్టాల మీద నడిచే రెండు బొగ్గు టబ్బుల మధ్య ఆయన ఎడమ చెయ్యి పడింది. మర్నాడు కట్టుతో ఇంటికి వచ్చాడు. చిటికెన వేలూ, దాని పక్క వేలూ నలిగిపోయాయి. ఆయన్ని దిగబెట్టడానికి వచ్చిన మనిషి ఎదురింటి చిన్నమ్మతో, "నిద్రమత్తుల ఉన్నడక్కా, టబ్బు కదిలింది సూసుకోలే" అనడం నేను తలుపు చాటు నుంచి విన్నాను.

ఇక ఎవరూ నాకేమీ చెప్పక్కర్లేకపోయింది. చెంబు పడేసింది నేను. బాపు నిద్ర చెడగొట్టింది నేను.

దెబ్బ మానేదాకా ఆయనకు సెలవు ఇచ్చారు. రాత్రీ పగలూ ఇంట్లోనే ఉండేవాడు. నొప్పికీ వేడికీ ఎప్పుడూ కన్ను మూతపడేది కాదు. ఆయన మొహం చూడలేక నేను అన్నం వండి పెట్టి బయటికి వచ్చేసేదాన్ని. మాట్లాడటం దాదాపు మానేశాను. మా వరుస చివర బర్రెల కొట్టం ఒకటి ఉండేది. దాని గోడ నీడ జానెడే. ఆ జానెడు నీడలో కూర్చునేదాన్ని.

ఆ కొట్టం ఒక ముసలామెది. నాలుగు బర్రెలు పెట్టుకుని కాలనీలో పాలు పోసేది. అందరూ బర్రెలవ్వ అనేవారు. ఒక్కతే ఉండేది. ఎవరితోనూ పెద్దగా మాటలు కలిపేది కాదు. నేను అలా కూర్చోవడం రెండు రోజులు చూసింది. మూడో రోజు లోపలి నుంచి పిలిచింది.

"ఓ పిల్లా, ఇటు రా. నా కండ్లు కనవడ్తలేవు. గీ సంచి కుట్టు ఇప్పిపెట్టు."

కొట్టంలో ఒక మూల ఖాళీ గోనెసంచులు గుట్టగా పడి ఉన్నాయి. బర్రెలకు పెద్దపల్లి మిల్లు నుంచి వచ్చే తౌడు సంచులు, పల్లిచెక్క సంచులు. నేను ఒక సంచి తీసుకుని మూతి కుట్టు పట్టి లాగాను. లాగినకొద్దీ ముడిపడింది. పళ్ళతో కొరికాను. అవ్వ చాలాసేపు చూసి సంచిని తిప్పి నా ఒళ్ళో పెట్టింది. కుట్టు ఒక వైపు గీత గీసినట్టు సూటిగా ఉంది. రెండో వైపు జడ అల్లినట్టు ఉంది. సూటి గీత నా వైపు పెట్టుకుని, కుడి చివర ముడి తెంపి, అప్పుడు దారం లాగమంది. లాగాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా కుట్టంతా సర్రున విడిపోయి, మూరల కొద్దీ దారం నా చేతిలోకి వచ్చింది. అలా చేస్తే ఏదైనా విడిపోతుందేమో అనిపించింది. ఇంకో సంచి తీసుకున్నాను, ఆ తర్వాత ఇంకోటి.

రోజూ పోవడం మొదలుపెట్టాను. విప్పిన సంచి దులిపితే రాలిన తౌడు కుడితిలో పోసేవాళ్ళం. వచ్చిన దారం ఉండ చుట్టేవాళ్ళం. చీపుళ్ళు కట్టడానికీ, మంచం నులక తెగితే ముడేయడానికీ అదే. సంచుల్ని బర్రెల తొట్టిలో మిగిలిన నీళ్ళతో ఉతికి గోడ మీద ఆరేసేవాళ్ళం. ఎండిన వాటిని అవ్వ చేత్తో తడిమి వేరు చేసేది. గట్టివి రెండు కలిపి, పైనా కిందా పాత చీర వేసి కుడితే బొంత. మధ్యరకానివి గడప దగ్గర పట్టాలు. ఒక మూలను ఇంకో మూలలోకి దోపితే వానకు నెత్తి మీద కప్పుకునే గుడిసెలాంటి ముసుగు. బాగా చివికినవి దుడ్డె దూడ కింద పరుపు, అవీ కుళ్ళితే పెంటకుప్పలోకి. దేన్నీ పారేయగా నేను చూడలేదు. దబ్బనంలోకి దారం ఎక్కించడం నా పని. "నాకు కనవడది" అని నాకే ఇచ్చేది.

ఒకనాడు నేను కొంచెం ముందుగా వెళ్ళాను. అవ్వ కొట్టం చీకట్లో నల్ల బర్రె చెవిలోంచి నువ్వుగింజంత పిడుదుల్ని ఒక్కొక్కటే ఏరి తీస్తోంది. ఒక్కటి కూడా తప్పిపోవడం లేదు. గుమ్మంలో కాసేపు నిలబడి, ఇప్పుడే వచ్చినట్టు దగ్గి లోపలికి వెళ్ళాను. ఆమె దబ్బనం నా చేతికిచ్చింది. నేను దారం ఎక్కించి ఇచ్చాను.

ఆ రోజే అనుకుంటాను, సంచి విప్పుతూ విప్పుతూ చెంబు సంగతి చెప్పేశాను. ఆమె అడగలేదు. చేతులు పని చేసుకుంటూ ఉంటే మాట దానంతట అదే వచ్చింది. నా వల్లే బాపు వేళ్ళు పోయాయని చెప్పి ఏడ్చాను. ఆమె దగ్గరికి తీసుకోలేదు, ఊరుకోమనలేదు. చేతిలోని సంచి దులిపి పక్కన పెట్టి అంది.

"గదంత నువ్వు అనుకున్నది. మీ బాపు ఏమనుకుంటుండో నీకెట్ల ఎరుక? అడిగినవా?"

అడగలేదన్నాను.

"అడుగు మరి. అడగకుండ మోస్తె నీ బరువు నీదే, ఆయన బరువు ఆయనదే. ఇద్దరు మోసుకుంట సావాలె."

తర్వాత నాలుగు గట్టి సంచులు వేరు చేసి పెట్టింది. రెండేసి కలిపి నా చేతే కుట్టించింది. మా ఇంటికి వచ్చి ఒకటి కిటికీకి, ఒకటి తలుపుకి కట్టి, చెంబుతో నీళ్ళు చల్లమంది. కాసేపటికి వడగాలి ఆ తడి గోనెలోంచి చల్లగా, తడి మట్టి వాసనతో లోపలికి వచ్చింది. చిన్న సంచి ముక్క మడిచి బిందె కింద, గిన్నెల కింద పరిచింది. ఇక ఏది పడినా చప్పుడు కాదంది. బాపు మంచం మీంచి లేవబోతే చెయ్యి ఊపి పడుకోమని సైగ చేసి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం బాపు నిద్రపోయాడు. గోనె ఆరినప్పుడల్లా నేను లేచి నీళ్ళు చల్లాను. ఆ గదిలో నాకు పని ఉండటం అదే మొదలు.

ఎండ దిగాక ఆయన లేచాడు. నేను నీళ్ళ చెంబు కింద పెట్టి అడిగాను. "బాపూ, చెంబు పడగొట్టింది నేనే. అందుకే నీకు నిద్ర సాల్లేదా?"

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కట్టు లేని చెయ్యి చాచి నన్ను మంచం మీద కూర్చోబెట్టుకున్నాడు.

"లేదు బిడ్డా. నువ్వు చెంబు పడగొట్టకముందే నేను మెల్కతోని ఉన్న. గా దినం పొద్దుగాలనే దవాఖాన నుంచి ఉత్తరం వచ్చింది. మీ అమ్మకు ఆపరేషన్ చెయ్యాలన్నరు. నీకు చెప్తె భయపడ్తవని చెప్పలె. గదే ఫికర్ల ఉండి టబ్బు సూసుకోలె."

తలగడ కింద నుంచి ఉత్తరం తీసి నాకిచ్చాడు. కూడబలుక్కుని చదివాను. భయమైతే వేసింది. కానీ ఆ భయం ఇద్దరిదీ అయింది. ఆ సాయంత్రం చీకటి పడేదాకా అమ్మ గురించి మాట్లాడుకున్నాం. ఆమె దవాఖానకు పోయాక అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

అమ్మకు ఆపరేషన్ అయింది. దసరా ముందు ఇంటికి వచ్చింది. మనిషి సగమైంది కానీ వచ్చింది. ఆ తర్వాతి ఏడు బాపుకు వేరే కాలనీలో క్వార్టర్ ఇచ్చారు. సామాను బండికెక్కిస్తుంటే నేను కొట్టానికి పరుగెత్తాను. అవ్వ పాలు పిండుతోంది. "పోతున్నం అవ్వా" అన్నాను. "పో బిడ్డా, మంచిగ సదువుకో" అంది, పొదుగు మీంచి చెయ్యి తీయకుండానే. అంతే.

చాలా ఏళ్ళకు, ఉద్యోగం వచ్చాక, ఆమెను చూద్దామని వెళ్ళాను. కొట్టం లేదు. ఎటు పోయిందో, ఏ ఊరిదో, పేరేమిటో ఆ వరుసలో ఎవరికీ తెలియదు. అక్కడ నిలబడి ఉండగా నాకు తట్టింది. నేను కూడా ఎన్నడూ అడగలేదు. ఎందుకు ఒక్కతే ఉంటున్నావని, నీకు ఎవరు పోయారని, కళ్ళు బాగానే ఉన్నా నన్ను పనికి పిలిచింది నీకూ ఒక తోడు కావాలనా అని. బాపును అడగమని నన్ను ఇంటికి పంపిన మనిషి దగ్గర రోజుల తరబడి కూర్చుని, ఆమె గురించి ఒక్క మాటా అడగకుండా వచ్చేశాను.

నాకిప్పుడు అరవై దాటి చాలా ఏళ్ళయింది. ఎదుటి మనిషి ముభావంగా ఉంటే నావల్లేనేమో అనుకునే బుద్ధి ఇప్పటికీ పోలేదు. కానీ అనుకుని ఊరుకోను. వెళ్ళి పక్కన కూర్చుంటాను. ఏమైందని అడుగుతాను. కొందరు చెబుతారు, కొందరు చెప్పరు. చెప్పనివాళ్ళను మర్నాడు మళ్ళీ అడుగుతాను.