గుర్రాల రాట్నం తోసిన ఆదెమ్మక్క

ఆదెమ్మక్క పోయి రెండు నెలలు కావస్తోంది. పెరంబూరులోని మా ఆడవాళ్ళ బడి పత్రికకు ఆమెను గురించి నాలుగు మాటలు రాయమని పంతులమ్మగారు అప్పుడే అడిగారు. రాయలేకపోయాను. నలభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని గనుక ఇంకా చేయి తిరగలేదని అందరూ అనుకున్నారు. అది కాదు. ఆమె బతికుండగా ఆమె కోసం రాయవలసిన కాగితం ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. అది ఇవ్వనిదాన్ని, పోయాక ఆమె మీద రాయడానికి ముఖం చెల్లలేదు.

ప్రతి శుక్రవారం మా వీధికి ఆమే రొయ్యలు తెచ్చేది. రెండు నెలల కిందట ఒక శుక్రవారం గంపతో వేరే మనిషి వచ్చింది. "ఆదెమ్మక్క ఏదమ్మా?" అంటే, "లేదుమ్మా. మంగళారం పూడ్చేసినారు. మూడు దినాలు జొరం, అంతే" అంది. అలవాటు కొద్దీ గిన్నె పట్టుకొని నిలబడే ఉన్నాను. ఆమె రొయ్యలు పోసి వెళ్ళిపోయింది. వాటిని వండలేదు.

ఎన్నూరు దారిలో సముద్రం ఒడ్డున ఆటల తోట ఒకటి ఉందని ఇప్పటి పిల్లలకు తెలియదు. దొరల కాలంలో పెట్టింది. నా చిన్నప్పుడు ఆదివారమైతే బయట జట్కాలు వరసగా నిలిచేవి. ఊగే పడవలు, వంకర అద్దాల గది, నడిమధ్యన పన్నెండు కొయ్యగుర్రాల రాట్నం. దానికి యంత్రం లేదు. మధ్యలో ఒక గుంజ, గుంజకు అటొకటి ఇటొకటి అడ్డకొయ్యలు. ఒకదాన్ని ఆదెమ్మక్క, రెండోదాన్ని ఆమె తమ్ముడు చిన్నప్ప రొమ్ముతో నెట్టుకుంటూ గుండ్రంగా నడిచేవాళ్ళు. వాళ్ళు కనిపించకుండా చుట్టూ రంగుల గుడ్డ కట్టి ఉండేది. బయటివాళ్ళకు గుర్రాలే కనిపించేవి.

రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మా నాయన నన్ను అక్కడికి మొదటిసారి తీసుకువెళ్ళినప్పుడు నాకు ఏడేళ్ళు. గుర్రం కదలగానే భయపడి పెద్దగా ఏడ్చాను. రాట్నం ఆగింది. గుడ్డ పక్కకు తోసి, చెమటలు కారుతూ ఒక పడుచుమనిషి తల బయటపెట్టింది. "ఎవురా ఏడ్చేది? నా గుర్రం ఏమన్నా కరిసిందా?" అంది. జనం నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తరువాత తిప్పు ఎంత నెమ్మదిగా సాగిందంటే, పక్క గుర్రం మీద కొడుకును పట్టుకున్న పెద్దమనిషి "ఇది గుర్రమా, ఎనుమా?" అని విసుక్కున్నాడు. "దిగి నువ్వు తొయ్యి సామీ, నేనెక్కతా" అని లోపలినుంచి జవాబు వచ్చింది.

ఆమె మాత్రం ఆ గుర్రాలు ఒక్కసారీ ఎక్కలేదు. పెద్దదాన్నయ్యాక అడిగాను. "నేనెక్కితే ఎవురు తోస్తారుమే? చిన్నప్ప ఒక్కడే తోస్తే రాట్నం ఒకపక్కకి ఈడుస్తాది" అంది. ఎన్ని మైళ్ళు నడిచి ఉంటావక్కా అంటే, "కాశీకి పొయ్యి వచ్చేంత నడిచినా. అయినా ఈడనే ఉండా, సూడు" అని నవ్వింది.

దొరలు వెళ్ళిపోయారు. జనం సినిమాలకు మళ్ళారు. సముద్రం ఏటేటా ఒడ్డును తింటూ వచ్చింది. ఆదెమ్మక్క రొయ్యల గంప ఎత్తుకుంది. అయినా ఆదివారం మాత్రం గుంజ దగ్గరికే పోయేది.

నేను బడిలో చేరానని విని, "ఏమ్మే, జుట్టు నెరిసినాక పలకా? పంతులమ్మ బెత్తం ఎత్తితే జెప్పు, నేనొస్తా" అని ఎగతాళి చేసింది. అలాంటి మనిషి ఒక శుక్రవారం గంప దించి నవ్వకుండా కూర్చుంది. యజమాని తోట మూసేస్తాడట. టిక్కెట్లు ఇచ్చే గదిలోనే అక్కాతమ్ముళ్ళు కాపురం ఉంటున్నారు, దాన్ని ఖాళీ చేయాలట. "ఒక అర్జీ రాయిమే. గుర్రాలు కట్టెలకి అమ్ముకోనీ, ఏమన్నా చేసుకోనీ. ఆ గది మాత్రం మాకు ఉండనీమని రాయి. చిన్నప్పకి కండ్లు సరిగా తెలీవు. కొత్త చోటయితే తడుముకుంటాడు" అంది.

అర్జీ అంటే పెద్దల భాషలో ఉండాలని నేను నమ్మాను. మా బడిలో ఒకసారి చదివిన సన్మానపత్రం నా మనసులో మెదులుతోంది. మహారాజశ్రీ అనీ దివ్యసముఖమునకు అనీ రాయకపోతే చదవనే చదవరనుకున్నాను. రాశాను, చించాను. మంచి కాగితం కొన్నాను, అదీ చించాను. ప్రతి శుక్రవారం ఆమె "అయిందామే?" అనేది. నేను "వచ్చే వారం" అనేదాన్ని. ఒకనాడు, "నేను జెప్పినట్టే రాయరాదా? వాళ్ళకి అర్థం గాకపోతాదా?" అంది.

"అట్లా రాస్తే మనల్ని లెక్కచేయరక్కా."

ఆమె నా వంక కాసేపు చూసింది. "సరి, నీకు తెలుసు" అని గంప నెత్తికెత్తుకుంది. అదే ఆఖరు చూపు.

పోయిన ఆదివారం ధైర్యం చేసి తోటకు వెళ్ళాను. గేటు లేదు. అద్దాల గదిలో అద్దాలు లేవు. గుర్రాలు ఏడు మిగిలాయి, రంగంతా ఉప్పుగాలికి పోయింది. ఆకాశమంత ఉండేదని నేను గుర్తుపెట్టుకున్న రాట్నం మా వాకిలంత ఉంది. గుడ్డ చిరిగిపోయింది గనుక లోపలి నేల మొదటిసారి చూశాను. వాళ్ళిద్దరూ నడిచిన చోట గుండ్రంగా జానెడు పల్లం పడి, వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆదెమ్మక్కకు పటం లేదు. చూడడానికి ఆ పల్లమే ఉంది.

చిన్నప్ప గది గడప మీద కూర్చొని ఉన్నాడు. అడుగుల చప్పుడుకు "ఎవురూ?" అన్నాడు. పెరంబూరునుంచి కమలమ్మనని చెప్పాను.

"ఓ, అర్జీ రాసే అమ్మా! రా, ఈడ కూర్చో. అక్క జెప్తానే ఉండె. మనకి రాసేదానికి మనిషుండాది, బాగా రాస్తా ఉండాది, అందుకే ఆలస్యం అని." కొంచెం ఆగి, "ఈ నెలాఖరుకి పొమ్మన్నారు" అన్నాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అతని పక్కన గడప మీద కూర్చున్నాను.

పోయినవారి లోటు లోకానికి తీరదని పెద్దలు రాస్తారు. ఆదెమ్మక్క తిప్పిన గుర్రాలెక్కిన వేలమంది ఆమె ముఖమైనా చూడలేదు. ఆమె లోటు చిన్నప్పకు ఉంది, ప్రతి శుక్రవారం నాకు ఉంది. మేమున్నంతవరకు అది తీరేది కాదు. చేతులు జోడించి చెప్పగలిగింది ఇంతే.

తోటకు వెళ్ళివచ్చిన మర్నాడు పొద్దున్నే బడి పుస్తకంలోంచి ఒక కాగితం చించాను. "అయ్యా, టిక్కెట్ల గది చిన్నప్పకు ఉండనివ్వండి. అతనికి కళ్ళు సరిగా కనబడవు. కొత్త చోటయితే తడుముకుంటాడు. ఈ మాట అతని అక్క ఆదెమ్మ చెప్పింది. ఆలస్యం నాది." అక్షరాలు వంకరగానే వచ్చాయి, దిద్దలేదు. బస్సెక్కి జార్జిటౌనులో ఆ తోట యజమాని ఆఫీసుకు పోయి గుమాస్తాకు ఇచ్చాను.

"ఇది రాసిందెవరు?" అన్నాడు.

"నేనే."

అయ్యగారు వచ్చేసరికి ఎంతసేపవుతుందో తెలియదన్నాడు. పరవాలేదని, గోడ పక్కనున్న బల్ల మీద కూర్చున్నాను.