కారం వేయని సీసా

మన ఈడు వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. ఆవకాయ కలిపిన రోజున, ఖాళీ అయిన బేసిన్‌లో వేడన్నం కలిపి అమ్మమ్మ అందరికీ తలో ముద్ద పెట్టేది. మంటకు నేను ఏడ్చానని, మరుసటేడు నుంచి కారం తగ్గించి ఒక చిన్న జాడీ విడిగా కలిపేది. మూతికి గుడ్డ కట్టి, "ఇది దానిది, ఎవరూ ముట్టుకోకండి" అనేది.

నిన్న ఇక్కడ న్యూజిలాండ్‌లో, డునీడిన్‌లో ఆ జాడీ గుర్తొచ్చింది. మా పక్క ఫ్లాట్‌లో సిరియా నుంచి శరణార్థులుగా వచ్చిన రీమా, వాళ్లమ్మ ఉంటారు. నేను వెళ్లేసరికి ఉడికించిన చిట్టి వంకాయల్లో వాల్‌నట్లు, ఎర్ర మిరప కూరి ఆలివ్ నూనెలో ఊరగాయ పెడుతున్నారు. వాళ్ల ఊళ్లో సెప్టెంబరులో పెట్టేవారట. ఇక్కడ వంకాయలు మార్చిలో గానీ రావు.

ఒక చిన్న సీసాలో మాత్రం మిరప లేదు.

"ఆంటీ, ఇది నాకేనా?" అని నవ్వుతూ చెయ్యి చాచాను.

ఆంటీ సీసాను ఒళ్లోకి లాక్కుంది.

"అది మా చెల్లిది. దానికి కారం పడదు," అంది రీమా మెల్లగా. "మా ఊరు హోమ్స్‌లో బాంబు పడి ఇల్లు కూలినప్పుడు చెల్లి లోపలే ఉండిపోయింది."

ఆంటీ మూత బిగించి కప్‌బోర్డ్ తెరిచింది. లోపల నిరుటి సీసా, ముందటేటి సీసా మూత తీయకుండానే ఉన్నాయి.